వేలు పడుకునే చోటు

కదిలితే లేస్తుంది. లేస్తే మళ్ళీ పడుకోదు, పడుకోకపోతే నాలుగింటికి పళ్ళ డాక్టరు కుర్చీలో మొహం మాడ్చుకుని కూర్చుని నోరు తెరవనంటే తెరవనని మొండికేస్తుంది, అందుకే ఆమె ఊపిరి కూడా ఆచితూచి తీసుకుంటూ మంచం మీద వెల్లకిలా పడి ఉంది. ఎడమచెయ్యి కూతురి మెడ కింద ఇరుక్కుని తిమ్మిరెక్కి ఎప్పుడో తనది కాకుండా పోయింది. కిటికీ పరదా గాలికి లోపలికి ఉబ్బి, మళ్ళీ నీరసంగా వెనక్కి వాలుతోంది, వాలినప్పుడల్లా గోడ మీది ఎండ ముక్క బీరువా దాకా నడిచి వెనక్కి వస్తోంది. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది దగ్గి దగ్గి ఊరుకుంటోంది, పాపం వాళ్ళకీ ఎక్కడికో టైమవుతున్నట్టుంది. ఇన్ని చప్పుళ్ళ మధ్యా చెవికి ఆనుకుని ఇంకో చప్పుడు, కాసేపు గబగబా, కాసేపు తీరిగ్గా, మధ్యలో ఏదో గుర్తుకొచ్చినట్టు ఆగి, మళ్ళీ మొదలు. బొటనవేలు చీకుతున్న చప్పుడు. ఆరేళ్ళు నిండబోతున్న పిల్ల. నిద్రలో కూడా డ్యూటీ ఎగ్గొట్టదు మా బుడంకాయ అని వాళ్ళ నాన్న నవ్వుతాడు. నవ్వడానికేం, పొద్దున్నే సిటీ బస్సు స్టీరింగ్ పట్టుకుని వెళ్ళిపోయే మనిషి, స్కూల్ గేటు దగ్గర తోటి తల్లులు చూసే చూపులు ఆయనకి తగలవు.

కుర్చీ మీద హ్యాండ్‌బ్యాగ్ ఉంది. బ్యాగ్‌లో గులాబీ రంగు ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో దూది, దూది మీద తీగ. చూడకపోయినా ఆమెకి దాని వంపులన్నీ తెలుసు, తెలియకేం, వంచింది తనే. డాక్టరు గారి క్లినిక్ వెనక సందులో, రెండు గదుల లాబ్‌లో, పళ్ళు లేనివాళ్ళకి పళ్ళు, వంకర పళ్ళవాళ్ళకి తీగలు చేసే పని ఆమెది. వేళ్ళు చీకే పిల్లల కోసం చేసేది ఇంకో రకం. వెనక దవడ పళ్ళకి చుట్టూ రెండు రింగులు, వాటి మధ్య అంగిలి మీదుగా సాగి ముందు పళ్ళ వెనక చిన్న గేటులా నిలబడే తీగ. వేలు లోపలికి వెళ్ళాక మెత్తటి అంగిలి తగలదు, చల్లటి ఇనుము తగులుతుంది, వేలు అక్కడే తెల్లబోయి వెనక్కి వచ్చేస్తుంది. ఎంతమంది పిల్లలకి చేసిందో. ప్లాస్టర్ అచ్చు ముందు పెట్టుకుని, ప్లయర్‌తో తీగని కొంచెం వంచి, ఆనించి చూసి, మళ్ళీ కొంచెం వంచి, ఆ పిల్లల మొహాలు ఎప్పుడూ చూడలేదు, చూడాల్సిన పనీ లేదు, లాబ్‌కి వచ్చేవి నోళ్ళే. తెల్లటి నోళ్ళు, అరల్లో వరసగా, ఏమీ అనకుండా తెరుచుకుని ఉంటాయి.

బుడంకాయ నోటి అచ్చు మాత్రం ఆటలో తీసింది. ఇద్దరం రాక్షసుల్లా నోరు తెరుద్దాం, ఎవరు ముందు మూస్తే వాళ్ళు ఓడినట్టు, అంది. పిల్ల గెలిచింది. అచ్చుముద్ద గొంతు దాకా తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగినా నోరు మూయలేదు, గెలిచానా అమ్మా, గెలిచానా అని ఆ తర్వాత ఇల్లంతా పరిగెత్తింది. మర్నాడు లాబ్‌లో ప్లాస్టర్ పోసి, ఆరాక విప్పి దీపం కింద పట్టి చూసింది. పై పళ్ళు రెండూ ముందుకి చూస్తున్నాయి, అది సరే, బయటికి కూడా కనిపించేదే, కానీ అంగిట్లో గుంట. లోతుగా, నున్నగా, ఓ పక్కకి వాలి, అచ్చం ఆ బొటనవేలు పట్టేంత. రోజూ ఒకే చోట పడుకునేవాళ్ళకి పరుపులో పడే పల్లంలా ఉంది. ఎవరూ చూడకుండా తన చిటికెనవేలు అందులో పెట్టి చూసుకుంది. చల్లగా ఉంది. పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన, ఆ లాబ్‌లోనే జుట్టు నెరిసిన మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "ఎవరి పాపమ్మా? భలే తవ్విందే లోపల!" అన్నాడు. "తెలిసినవాళ్ళ పాప," అంది ఆమె. ఎందుకలా అందో. అబద్ధం చెప్పే అవసరమేముంది, ఆయన ఏమన్నా కొడతాడా, తిడతాడా, నలుగురు మనవల్ని చూసిన మనిషి. అయినా నోటికి అదే వచ్చింది.

డాక్టరు గారు తొందరపడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆవిడ పెన్ను టకటకలాడిస్తూ, "ఇంకో ఏడాది చూద్దాం, కొంతమంది వాళ్ళంతట వాళ్ళే మానేస్తారు," అంది, ఆ పెన్ను అలవాటు ఆవిడంతట ఆవిడ ఇంకా మానలేదు. ఎదురుచూడలేకపోయింది తల్లే. "తీగ నేను చేసి తెస్తానండీ, మీరు పెట్టేయండి చాలు," అని వెంటపడింది. చేతిలో ఆ పని ఉన్నదాన్ని, ఊళ్ళో పిల్లలందరికీ చేసిపెడుతూ నా పిల్లని గాలికొదిలేస్తానా అనుకుంది. అంతకుముందు చేయనివి ఉన్నాయా. మందుల షాపులో ఇచ్చిన చేదు నీళ్ళు వేలికి పూసింది, మొదటి పూట పిల్ల వాంతి చేసుకున్నంత పనిచేసింది, రెండో పూట మొహం చిట్లించింది, వారం తిరక్కుండా ఆ చేదు మరిగి, సీసా తనే తెచ్చి "అమ్మా పూయి" అని వేలు చాపింది. చేతికి సాక్సు తొడిగితే దానికి పేరు పెట్టి, కళ్ళు గీయించుకుని, దాని నోట్లో తన వేలు పెట్టి బజ్జోపెట్టింది, ఆ తర్వాత ఇద్దరూ కలిసి చీకేవాళ్ళు. అత్తగారు ఫోన్లో, "రేపు దీని పెళ్ళిపీటల మీద కూడా ఇలాగే కూర్చుంటుంది, చూస్తూండు," అని కాలు ఊపుతూ నవ్వింది, కాలు ఊపుతోందని ఎలా తెలుసంటే ఫోన్లో మంచం కిర్రుమనడం వినిపిస్తుంది. వాళ్ళ నాన్న కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నోట్లో చెయ్యి పెట్టుకుంటే క్రిములు కడుపులోకి పోతాయమ్మా అని ఎంతో ఓపిగ్గా చెప్పాడు, చెబుతూ చెబుతూ తన గోళ్ళు కొరుక్కున్నాడు. పిల్ల ఆయన వేళ్ళకేసీ మొహంకేసీ మార్చి మార్చి చూసి ఏమీ అనలేదు. ఆ మర్యాద వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నది మాత్రం కాదు.

ఎండ ముక్క బీరువా దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది. ఎంతయి ఉంటుంది? గోడ గడియారం తల వెనక ఉంది, తల తిప్పితే మెడ కింద చెయ్యి కదులుతుంది. వద్దు. నిన్న సాయంత్రం ఆ డబ్బా బ్యాగ్‌లోంచి బయట పడకపోయి ఉంటే ఇవాళ ఇంత గుబులు ఉండేది కాదు. పిల్ల పెన్సిల్ చెక్కేది వెతుకుతూ బ్యాగ్ తిరగేసింది, మూత ఊడింది, తీగ గచ్చు మీద పడి చిన్న పక్షి పంజాలా నిలబడింది. "ఇదేంటి?" అంది. నోట్లో పెట్టేది అని చెప్పింది ఆమె. "ఎవరికి?" "ఎవరో పాపకి." రెండోసారి. రెండుసార్లూ కూతుర్ని పరాయిపిల్లని చేసింది. బుడంకాయ తీగని అరచేతిలో పెట్టుకుని, దాని మొనలు వేలితో తాకి చూసి, "గుచ్చుకుంటుంది కదమ్మా. ఆ పాపకి వాళ్ళమ్మ లేదా?" అని అడిగింది. పొయ్యి మీద ఏదో మాడుతోందని వంక పెట్టి ఆమె వంటింట్లోకి పారిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. సింకులో కుళాయి తిప్పి ఊరికే నిలబడింది. ఇంకాసేపట్లో ఆ పిల్లకి తెలిసిపోతుంది, ఆ ఎవరో పాప ఎవరో. కుర్చీ వెనక్కి వాల్చి, పైన దీపం వేసి, డాక్టరు గారు డబ్బా మూత తీస్తారు, పిల్ల ఆ తీగని గుర్తుపడుతుంది, తీగని కాదు చూడడం, పక్కన నిలబడ్డ తల్లిని చూస్తుంది. ఆ చూపుని ఎలా ఎదుర్కోవడం. పళ్ళు ఎప్పటికైనా చక్కబడతాయి, తీగలు వంచడం వచ్చినవాళ్ళకి పళ్ళదేముంది. ఆ చూపు వంకరపోతే ఏ ప్లయర్‌తో సరిచేస్తుంది?

రెప్పలు బరువెక్కుతున్నాయి. ఫ్యాను గాలి నుదుటి మీద నుంచి పోతూ పోతూ వెంట్రుకల్ని ఒకసారి నిమిరి వెళ్తోంది, తన నాన్న కూడా ఇలాగే నిమిరేవాడు, కళ్ళజోళ్ళ షాపు కట్టేసి వచ్చాక, వేళ్ళకి అద్దాలు అరగదీసిన వాసనతో. నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. చిన్నప్పుడు తను ఎడమచేత్తో రాస్తోందని, టీచర్లు పదే పదే కబురు పెడుతున్నారని, తెల్లటి చేతిరుమాలు మడిచి, ఎడమ మణికట్టు చుట్టూ తిప్పి, కుర్చీ చేతికి కట్టేవాడు. ఎంత మెత్తగా కట్టేవాడో. మధ్య మధ్యలో వంగి, "బిగుసుకుందా తల్లీ?" అని అడిగేవాడు. "లేదు నాన్నా." నిజంగానే బిగుసుకునేది కాదు. ఊరికే లాగితే ఊడిపోయే ముడి, ఒక్కసారీ లాగలేదు ఆమె, లాగితే ఆయన మొహం ఎలా అయిపోతుందోనని. ఒక్క దెబ్బ వేసి ఉంటే ఏడ్చి, అలిగి, ఎప్పుడో మర్చిపోయేది. ఆ మెత్తదనం మీద కోపం ఎలా తెచ్చుకోవాలో తెలియక కోపమే లేదనుకుంది ఇన్నాళ్ళూ. ఉంది. ఇప్పుడు, ఈ మధ్యాహ్నం, కూతురి జుట్టు చెమట వాసన పీలుస్తూ పడుకుని ఉండగా తెలుస్తోంది, ఉంది, చాలానే ఉంది, ప్రేమ పక్కనే ఒకే మంచం మీద పడుకుని ఉంది. కుడిచెయ్యి అన్నీ నేర్చుకుంది. లాబ్‌లో అందరూ మెచ్చుకునేది ఆ చేతినే, తల వెంట్రుకంత తేడా రానివ్వదు అంటారు. కలల్లో మాత్రం ఆమె ఎడమచేత్తోనే రాస్తుంది, అక్షరాలు గుండ్రంగా, ఆగకుండా, కాగితం చివర దాటి బల్ల మీదికి, బల్ల దాటి గోడ మీదికి.

గోడ మీద అరలు. అరల నిండా తెల్లటి నోళ్ళు. లాబ్‌లో ఎవరూ లేరు, పెద్దాయన కళ్ళజోడు ఒక్కటే బల్ల మీద కూర్చుని ఆమెని చూస్తోంది. కిటికీలోంచి నీళ్ళు వస్తున్నాయి, గచ్చు మీద పాదాలు మునిగేంత, వెచ్చగా, ఎవరూ కంగారుపడటం లేదు. ఆమె ఒక్కో నోరూ తీసి చెవి దగ్గర పెట్టుకుంటోంది, ఏదో చెబుతాయని. కొన్ని నవ్వుతున్నాయి, ఒకటి ఎక్కాలు అప్పజెబుతోంది, ఒకటి ఆవలించి మళ్ళీ నిద్రపోయింది. బుడంకాయది ఏ అరలో ఉందో గుర్తు రావడం లేదు, తను చేసిందే, గుంట ఉంటుంది, గుంటని బట్టి పట్టుకోవచ్చు, చిటికెనవేలు పెట్టి చూస్తుంటే అన్ని నోళ్ళలోనూ గుంటలే. ఒక్కో గుంటలో ఒక్కో చిన్న వేలు, ముడుచుకుని, గోరు దాకా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. హుష్, లేపకండి, అంటోంది ఏదో గొంతు. ఆమె చేతిలో ప్లయర్ ఉంది. ఇంత వెచ్చగా పడుకున్నవాటిని లేపి ఎక్కడికి పొమ్మంటావు, అని అడుగుతోంది ఆ గొంతే, కోపంగా కాదు, దారి అడిగినట్టు. నిజమే, ఎక్కడికి? ఇన్నాళ్ళ పనిలో ఆ సంగతి ఎవరూ అడగలేదు, తనూ అడగలేదు. గేటు మూయడమే తన పని, బయటికి గెంటిన వేలు తర్వాత ఎక్కడ పడుకుందో, అసలు పడుకుందో లేదో, ఏ అచ్చులోనూ కనిపించదు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఎక్కడో చప్పుడు ఆగిపోయింది.

చప్పుడు ఆగిపోయింది. ఆమె కళ్ళు తెరిచింది. ఎండ ముక్క బీరువా మీద లేదు, తలుపు మీదికి ఎక్కింది. స్కూటర్ ఎప్పుడు వెళ్ళిపోయిందో. పక్కన బుడంకాయ నోరు కొంచెం తెరుచుకుని ఉంది, వేలు జారి దిండు మీద పడింది. తడిగా, తెల్లగా నాని, కణుపు దగ్గర చిన్న కాయ కాసి, గోరు అరిగి, మిగతా నాలుగు వేళ్ళ కన్నా ముసలిదైపోయిన వేలు. ఇన్ని ఉపాయాలు పన్నింది కానీ దాన్ని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పాపం, ఎంత చాకిరీ చేసింది. నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో కళ్ళు మండాయి. పిల్ల పెదాలు ఖాళీని చీకుతున్నాయి, రెండుసార్లు, మూడుసార్లు, కనుబొమలు ముడిపడ్డాయి, వేలు దిండు మీద కదిలి దారి వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఆమె ఆలోచించలేదు. ఖాళీగా ఉన్న కుడిచెయ్యి చాపి ఆ వేలు అందుకుని పిడికిట్లోకి తీసుకుంది. ఆపడానికి కాదు. చలిలో బయట నిలబడ్డవాళ్ళని లోపలికి రమ్మన్నట్టు. వేలు ఒకసారి గింజుకుంది, ఇంకోసారి, అరచేతి వెచ్చదనం కనుక్కుంది, ఊరుకుంది. పెదాలు కూడా నెమ్మదిగా ఊరుకున్నాయి. కనుబొమల ముడి విడిపోయింది.

బ్యాగ్‌లో ఫోన్ కొట్టుకోవడం మొదలుపెట్టింది. క్లినిక్ అమ్మాయి అయి ఉంటుంది, బయల్దేరారా మేడమ్ అని. కుర్చీ చెక్క మీద బ్యాగ్ గుర్రుమంటోంది, లోపల తీగ డబ్బా కూడా దాంతోపాటు వణుకుతూ ఉంటుంది. లేవాలంటే పిడికిలి విప్పాలి. ఆమె విప్పలేదు. ఫోన్ కొట్టుకుని కొట్టుకుని ఆగింది. ఆ నిశ్శబ్దానికి బుడంకాయ కళ్ళు తెరిచింది, కాసేపు పైకప్పుకేసి చూసింది, నోరు ఖాళీగా ఉందని తెలిసి చెయ్యి లాక్కోబోయింది.

"నా వేలు," అంది.

"నా దగ్గరుంది."

"ఎందుకు తీసుకున్నావ్?"

"అదే బయటికొచ్చింది. ఒక్కతే ఉందని పట్టుకున్నా." ఇప్పుడు చెప్పకపోతే క్లినిక్‌లో ఆ దీపం కింద చెప్పాలి. "నిన్న ఒక తీగ చూశావు కదా. అది ఎవరో పాపకి కాదమ్మా. నీకే చేశాను."

ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. కుర్చీ మీది బ్యాగ్‌కేసి చూసి, మళ్ళీ తల్లికేసి చూసింది. ఏ చూపుకి ఆమె మధ్యాహ్నమంతా భయపడిందో అదే చూపు, అంత దగ్గరగా, తప్పించుకోవడానికి వంటిల్లు కూడా లేదు.

"నాకు చెప్పకుండానా?"

"చెప్పకుండానే. తప్పే."

"నాకొద్దు."

"సరే, వద్దు." ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమే ఆశ్చర్యపోయింది. "వేలు నోట్లోకి వెళ్తానన్నప్పుడల్లా నా దగ్గరికి తీసుకురా. నేను పట్టుకుంటా."

పిల్ల నవ్వలేదు, మురిసిపోలేదు. లెక్క తేలనప్పుడు పెట్టే మొహం పెట్టింది. "తెచ్చాగా," అంది. "రోజూ తెస్తా. నువ్వు లాబ్ నుంచి రాగానే తెస్తా. ముట్టుకోకు ముట్టుకోకు అని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుంటావు. అప్పుడే ఇది లోపలికెళ్ళిపోతుంది."

నిజమే, సాయంత్రాలు ఒళ్ళంతా ప్లాస్టర్ దుమ్ము, చేతుల నిండా మందుల మరకలు, పరిగెత్తుకొచ్చే పిల్లని అంత దూరంలోనే ఆపి, సబ్బు పెట్టి మోచేతుల దాకా రుద్దుకుంటుంది, పిల్లకి ఏమీ అంటకూడదని. తలుపు తీసేసరికి బుడంకాయ గోడకి ఆనుకుని వేలు చీకుతూ ఉంటుంది, తను తుడుచుకున్న చేత్తోనే ఆ వేలు లాగేసి, మళ్ళీ మొదలెట్టావా అని కసురుతుంది. శుభ్రం చేసుకున్న చెయ్యి చేసే మొదటి పని అది. తలుపుకి అవతల జరిగేదాన్ని ఇన్నాళ్ళూ వినలేదు, కుళాయి చప్పుడులో.

"ఇక నుంచి ముందు నీ వేలు పట్టుకుంటా," అంది ఎట్టకేలకు. "ఆ తర్వాతే చేతులు."

"దుమ్ము అంటుకోదా?"

"అంటుకుంటుంది. ఇద్దరం కలిసి కడుక్కుందాం."

ఫోన్ మళ్ళీ కొట్టుకోవడం మొదలైంది. బుడంకాయ లేచి కూర్చుని, బ్యాగ్ మంచం మీదికి లాక్కొచ్చి, ఫోన్ తీసి తల్లి చెవికి ఆనించి పట్టుకుంది. ఆమె ఇవాళ రావడం లేదని చెప్పింది, ఎందుకని అడిగితే చేతులు ఖాళీ లేవంది. పిల్ల ఆ మాట శ్రద్ధగా విని, తన బొటనవేలు తల్లి నైటీకి తుడుచుకుని, మళ్ళీ ఆ అరచేతిలో పెట్టి, తల్లి వేళ్ళు ఒక్కొక్కటే తనే మూసింది.